చూడ్డానికి పెంచిన ఆపిల్ చెట్టు

భూకంపం తర్వాత మళ్లీ కట్టుకుంటున్న క్రైస్ట్‌చర్చ్‌లో, వారం రోజులకని మార్గరెట్ అనే పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాను. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక ‘ఆంటీ’ అనేదాన్ని. ఆవిడ పెరట్లో వంకాయ రంగు ఆకులతో ఒక ఆపిల్ చెట్టు ఉండేది. దాని నిండా రేగుపళ్లంత ఎర్రటి కాయలు.

“ఇది చూడ్డానికి పెంచుకునే చెట్టు, తినడానికి కాదు,” అంది గర్వంగా.

అప్పటికే నేనొకటి కొరికేశాను. పులుపుకి కళ్లు మూసుకుపోయాయి. అంత పులుపు తగిలాక గుంటూరు మనిషి ఊరుకుంటుందా? ఆవిణ్ని బతిమాలి గుప్పెడు కాయలు కోసి, గింజలు తీసి, ఇండియన్ షాపులో కొన్న కందిపప్పులో వేసి ఉడికించాను. ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేసి మరీ తెచ్చుకున్న కారం దండిగా పడింది.

మార్గరెట్ ఆంటీ రెండు స్పూన్లు తిని, గ్లాసుడు నీళ్లు తాగి, ముక్కు తుడుచుకుంది.

“మీ దేశంలో చూడ్డానికని చెట్లు పెంచరా?”

“ఎందుకు పెంచం ఆంటీ? కాయలు కాసేదాకా చూస్తూనే ఉంటాం.”

ఆవిడ నవ్వలేదు. నొచ్చుకుందేమోనని నాకు రాత్రంతా బెంగ.

పొద్దున్న కిటికీలోంచి చూస్తే చెట్టుకి ఆకులే ఉన్నాయి. వంటింట్లో బుట్టెడు కాయలు, వాటి మీద చీటీ: “ఈసారి కారం సగమే వెయ్యి.”