సంతకం పెట్టని టీచరు

తప్పు చేసిన పిల్లల్ని మా తెలుగు టీచరు ఎప్పుడూ నిలబెట్టి అడగలేదు. కుర్చీ లాగి, "కూసోమ్మా, ఏం జరిగినాదో నువ్వే చెప్పు" అనేది.

నగరి దగ్గర మా ఊళ్ళో అందరివీ మరమగ్గాలే. నేను పదో తరగతిలో ఉండగా లెక్కల మాస్టరు, "మగ్గం కాడ కూసునేదానికి నీకు లెక్కలెందుకు?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఉక్రోషంతో డస్టరు విసిరాను. కిటికీ అద్దం పగిలింది.

హెడ్మాస్టరు నాకు టీసీ రాసి, క్లాస్ టీచరుగా సంతకం పెట్టమని తెలుగు టీచరు ముందుంచాడు. పబ్లిక్ పరీక్షలకు ఇంక రెండు నెలలే ఉన్నాయి.

"పెట్టను సార్. అద్దం పోతే ఇంకోటి వేసుకుంటాం. ఈ పిల్ల పోతే మళ్ళా యాడ తెచ్చుకుంటాం?"

"అయితే మీకు మెమో ఇస్తాను."

"ఇయ్యండి. దాని మీద పెడతా సంతకం."

మెమో వచ్చింది. ఆమె నా ఎదుటే సంతకం చేసి తీసుకుంది. నన్నూ ఊరికే వదల్లేదు. "మాస్టరు కాడ తప్పు ఒప్పుకో. ఆయన అన్న మాట ఆయన వెనక్కి తీసుకోవాల. రెండూ క్లాసులోనే జరగాల" అంది.

మాస్టరు వారం రోజులు ఒప్పుకోలేదు. ఆ వారమంతా ఆమె రోజూ ఆయన్ని అడిగింది. చివరికి ఆయన మా అందరి ముందూ, "నేను ఆ మాట అని ఉండకూడదు" అన్నాడు. నేను లేచి క్షమించమన్నాను. ఈసారి క్లాసులో ఎవరూ నవ్వలేదు.