మైసయ్య ఇంటి జొన్నరొట్టె

1949 వానాకాలం. పోలీస్ యాక్షన్ అయి ఇంకా ఏడాది నిండలేదు. ఇబ్రహీంపట్నం దవాఖానలో నేను నర్సును. దవాఖాన అనగానే పెద్ద భవనం ఊహించుకోకండి. రెండు గదులు, ఒక వరండా, వారంలో కొన్ని రోజులే కనిపించే డాక్టరు, మిగతా రోజుల్లో కాంపౌండరూ నేనూ. రజాకార్ల భయానికి ఊళ్లు విడిచిపోయిన వాళ్లు ఒక్కొక్కరే తిరిగి వస్తున్న కాలం అది. అన్నాళ్లూ ఓర్చుకున్న రోగాలన్నీ తెచ్చి మా వరండాలో దించేవారు. కాన్పులకైతే ఇళ్లకే వెళ్లేదాన్ని. ఆ చుట్టుపక్కల నేను కాలుపెట్టని వాకిలి లేదు, నాకు పిడికెడు తిండి పెట్టకుండా పంపిన ఇల్లూ లేదు. నన్ను చూసిన వాళ్లకు ఆ రెండో సంగతి చెప్పకుండానే తెలిసిపోయేది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో మరిచిపోలేని కేసు ఏదని అడిగేవాళ్లు ఏ తుపాకీ గాయం గురించో చెబుతానని ఎదురుచూస్తారు. అలాంటివీ చూశాను. కానీ మనసులో నిలిచిపోయింది మాత్రం ఒక జొన్నరొట్టె.

మైసయ్య పెద్దచెరువులో చేపలు పట్టే ఇంటివాడు. నిజాం మీద పోరాడే సంఘం వాళ్లకు అన్నం పెడుతున్నారన్న అనుమానంతో రజాకార్లు పడుచువాళ్లను పట్టుకుపోతుంటే, భార్య అండాలును ఇంట్లో వదిలి అతను పట్నం పారిపోయాడు. అక్కడ ఒక ఇరానీ బేకరీలో పనికి కుదిరాడు. పోలీస్ యాక్షన్ తర్వాత తిరిగొచ్చి వల పక్కన పెట్టేశాడు. బజారు చివర మట్టితో భట్టీ కట్టుకుని డబల్ రొట్టెలు, అంటే బ్రెడ్డు, కాల్చి అమ్మడం మొదలుపెట్టాడు. మైదా మూటలు పట్నం నుంచి బస్సు మీద దిగేవి. తెల్లగా మెత్తగా ఉండే ఆ రొట్టె గొప్పింటి వాళ్లూ జ్వరం వచ్చిన వాళ్లూ తినేదని అప్పట్లో అందరి నమ్మకం. సాయంత్రమయ్యేసరికి బజారంతా ఆ వాసనే. నాకూ నోరూరేది, అబద్ధం ఎందుకు?

అండాలుకు తొలికాన్పు నేనే చేశాను. ఆడపిల్ల. ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయింది. అటు తల్లి లేదు, ఇటు అత్త లేదు. బాలింత పనంతా మైసయ్యే చేసేవాడు. నీళ్లు కాచేవాడు, బట్టలు ఉతికేవాడు, పొద్దున సాయంత్రం చేతికి తిండి అందించేవాడు. ఆ రోజుల్లో అలాంటి మొగుణ్ని నేను వేరే ఇంట చూడలేదు. వాడకట్టు మగాళ్లు నవ్వినా పట్టించుకునేవాడు కాదు.

పోస్ట్‌నేటల్ విజిట్ అని మాకొక పని ఉండేది. కాన్పు తర్వాత తల్లీబిడ్డలను ఇంటికెళ్లి చూసి రావడం. వెళ్లిన ప్రతిసారీ అండాలు ఇంకొంచెం వాడిపోయి కనిపించేది. గోడ పట్టుకోకుండా లేవలేకపోయేది. కింది కనురెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అనీమియా, అంటే రక్తం తక్కువ. పాలు చాలక పిల్ల రోజంతా ఏడుస్తోంది. దానికి తోడు అండాలుకు విరేచనం కావడం లేదు. గోరువెచ్చని సబ్బునీళ్లు ఎక్కించే ఎనీమా ఇస్తే ఆ పూటకు తేలికపడేది, తర్వాత మళ్లీ మామూలే. రక్తం పట్టడానికి ఐరన్ మిక్స్చర్ ఇచ్చాం. ఇనుము కలిసిన మందు అది. రక్తానికి మంచిదే కానీ, మలం మరీ గట్టిపడుతుంది. ఒకటి సరిచేస్తే రెండోది చెడేది, చివరికి ఆ మందు ఆపేశాం. డాక్టరు చూసి, పిల్ల ఇలాగే చిక్కిపోతుంటే తల్లీబిడ్డలిద్దర్నీ పట్నం పెద్దాసుపత్రికి పంపాల్సిందే అన్నాడు. ఆ పిల్ల అంత దూరం ప్రయాణాన్ని తట్టుకుంటుందా అన్నది నా భయం.

మైసయ్య భట్టీ దగ్గర ఉన్న సమయం చూసుకుని అండాలును అడిగాను, రోజూ ఏం తింటున్నావని. డబల్ రొట్టె, చాయ అంది. మధ్యాహ్నం? అదే. రాత్రికి? అదే, పైన బిస్కెట్లు. కూర లేదు, పప్పు లేదు. చాయలో ముంచుకు తినే రొట్టెకు అవన్నీ ఎందుకు?

"ఏం తినబుద్ధి అయితుంది బిడ్డా?" అన్నాను.

ఆమె ఒకసారి వాకిలి వైపు చూసింది. "జొన్నరొట్టె. ఎల్లిగడ్డ కారం ఏసుకొని."

"మరి చెప్పరాదు?"

"ఎట్ల చెప్పాలె అక్కా? పట్నంల పొయ్యిలకెల్లి రొట్టె తీసినప్పుడల్ల, గిది మా అండాలు తింటే మంచిగుండు అనుకున్నడట. గసొంటి మనిషికి వద్దని ఎట్ల చెప్పాలె?"

నేనైతే చెప్పగలను కదా. నా నోరు అలాంటిది. నేరుగా భట్టీ దగ్గరికి పోయి, మైదా మానిపించి జొన్నరొట్టె పెట్టమన్నాను. మైదా అంటే గోధుమ పైపొట్టు, మొలక తీసేయగా మిగిలిన తెల్ల పిండి. పేగును కదిలించే పీచు, రక్తానికి కావలసిన సత్తువ చాలావరకు ఆ తీసేసిన దాంట్లోనే పోతాయి. జొన్నలు, సజ్జలు, తైదలు అంటే రాగులు, అలా కాదు, పొట్టుతో సహా పిండి అవుతాయి. పైగా జొన్నరొట్టె ఒంటరిగా గొంతు దిగదు. పప్పునో, పుంటికూర అనే గోంగూరనో, చేపల పులుసునో వెంటబెట్టుకుని వస్తుంది. ఇదంతా అతనికి నిదానంగానే చెప్పాను.

అతని మొహం మాడిపోయింది. కోపం కాదు, అంతకంటే బాధాకరమైనది.

"నేను లేనేడాది అది జొన్నగటక తాగి బతికిందమ్మా. నేనొచ్చెటాళ్లకు బొక్కలు తేలి ఉండె. ఇంక నా ఇంట్ల జొన్నలు కనపడొద్దని ఒట్టు పెట్టుకున్న. నువ్వు మల్ల గదే పెట్టుమంటున్నవ్."

అప్పుడు అర్థమైంది నాకు. అతను పెడుతున్నది తిండి మాత్రమే కాదు, తాను పక్కన లేని ఏడాదికి ప్రాయశ్చిత్తం. జాలేసింది. అయినా పిల్ల ఏడుపు నా చెవుల్లో ఉంది కాబట్టి జాలిని పక్కన పెట్టాను.

"గటక తిని ఎండలేదు మైసయ్యా. గటక సాలక ఎండింది. నీ ఒట్టు పెద్దదా, నీ బిడ్డ పెద్దదా?"

 ఆ మాట అని వచ్చేశాను.

మర్నాడు పొద్దున వాళ్లింటికి వెళ్తే మైసయ్య ఒక గిన్నె ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. గిన్నె మీద తడిబట్ట. అతను బట్ట ఎత్తి చూస్తున్నాడు, కప్పుతున్నాడు. ఏమిటని అడిగితే, తెల్లవారకముందే జొన్నపిండిని చన్నీళ్లతో కలిపి, ఖమీరు, అంటే బ్రెడ్డుకు వేసే పులిసిన పిండి, కూడా వేసి పెట్టానన్నాడు.

"పొంగుతనే లేదు నర్సమ్మా. జొన్నలు పాతయి గావచ్చు."

జిగురు లేని జొన్నపిండి పొంగుతుందని కాచుకున్న మనిషిని నా జన్మలో అతన్నే చూశాను. నేను నవ్వు ఆపుకుంటూ ఉండగానే లోపలి నుంచి అండాలు నవ్వు వినిపించింది. కడుపు పట్టుకుని నవ్వుతోంది. కాన్పయ్యాక ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి. నవ్వుతూనే లేచింది, గోడ పట్టుకోవడం కూడా మరిచిపోయింది. వచ్చి పొయ్యి ముందు కూర్చుని, ఆ పిండి బర్రెకు పెట్టమని, ఉడుకునీళ్లు కాగబెట్టమని మొగుడికి పురమాయించింది.

వేడినీళ్లతో కలిపిన పిండి ఆమె అరచేతి కింద రొట్టెగా సాగుతుంటే, పట్నంలో అంత పని నేర్చుకొచ్చిన మనిషి నోరు తెరుచుకుని చూశాడు. రొట్టెను పెనం మీద వేసి, పైన నీళ్లు తడిమి, తిప్పింది. కాలిన మొదటి రొట్టె తుంచి అతని చేతిలోనే పెట్టింది. అతను తినకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"తిను" అంది. "గప్పుడు ఇంట్ల జొన్నలుండె. నువ్వెక్కడున్నవో, ఉన్నవో లేవో తెల్వక నోట్లె ముద్ద పెట్టబుద్ధి గాలే. గా పాపం జొన్నలది గాదు."

గటక చాలలేదని నిన్న అంత ధీమాగా చెప్పిన నాకు సిగ్గేసింది. మైసయ్య రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. నములుతూనే ఏడ్చాడు, దాచుకోవడానికి ప్రయత్నించలేదు. నాకూ కళ్లు తడిశాయి. ఆ తర్వాత నేనూ ఒక రొట్టె తిన్నాను లెండి, వదులుతానా?

మూలన పడ్డ వల మళ్లీ చెరువులో తడిసింది. పొద్దున రొట్టె, పప్పు, పుంటికూర, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం తైదంబలి. ముందు ఎనీమా అవసరం లేకుండా పోయింది. కడుపు కుదుటపడ్డాక ఐరన్ మిక్స్చర్ మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి ఒంటికి పట్టింది. పాలు పడ్డాయి. పట్నం ప్రయాణం మాటే మళ్లీ రాలేదు. పిల్ల బుగ్గలు చూసి డాక్టరు ఏం మందిచ్చావని అడిగితే, మైసయ్య పొద్దున పూట భట్టీ మూసుకుని చేపలకు పోతున్నాడని చెప్పాను.

రోగికి ఏది మంచిదో చెప్పడం సులువే. ఆ తిండితో ఆ ఇంటికి ఏ జ్ఞాపకం ముడిపడి ఉందో అడగకుండా చెబితే ఎవరి చెవికీ ఎక్కదని అండాలు కేసు నేర్పింది. అప్పటి నుంచి డైట్ చెప్పే ముందు, మీ ఇంట్లో ఇది ఎందుకు వండటం లేదని అడగడం అలవాటు చేసుకున్నాను. చాలాసార్లు సగం వైద్యం ఆ జవాబులోనే దొరికేది.

మైసయ్య భట్టీ తర్వాత కూడా చాలాకాలం నడిచింది. బ్రెడ్డు బాగానే అమ్ముడుపోయేది. కానీ అతని దగ్గర ఒక పద్ధతి ఉండేది. కొనడానికి వచ్చిన మగవాడు కాస్త హడావుడిగా కనిపిస్తే ఎవరి కోసమని అడిగేవాడు. ఇంట్లో కాన్పయింది అంటే రొట్టె తిరిగి గంపలో పెట్టేసేవాడు.

"బాలింతకైతే ఇయ్య. పోయి జొన్నరొట్టె చేసిపెట్టు. చేసుడు రాకుంటే మా ఇంటికి రా, అండాలు నేర్పుతది. నాకు గూడ ఆమెనే నేర్పింది."