తోడికోడలి అనుభవ పత్రం

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. మంచిదాన్ననిపించుకోవడానికి ఇది రాయడం లేదు కాబట్టి ఆ మాట ముందే అనేస్తున్నాను.

మా మరిదిని చేసుకుని తను ఈ ఇంటికి వచ్చేనాటికి, పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని నేను సుద్దముక్కలు చేయడం మొదలుపెట్టి పన్నెండేళ్ళయింది. చుట్టుపక్కల బడులకు నేనే ఇచ్చేదాన్ని. తనకు చదువు అంతంతమాత్రం, మాట అంతకంటే తక్కువ. ఊరికే కూర్చోవడం ఎందుకని నేనే పిలిచి పని నేర్పాను. పొడి ఎంత, నీళ్ళెంత, అచ్చులకు నూనె ఎలా పూయాలి, అన్నీ చేయి పట్టుకుని చూపించాను. మొదటిరోజు ఒక అచ్చు నిండా ముక్కలు విరగ్గొట్టింది. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నాకు హాయిగా ఉండింది.

నెల తిరిగేసరికి ఆ హాయి కాస్తా పోయింది. పోసిన ముద్ద గట్టిపడేటప్పుడు అచ్చు వెచ్చబడుతుంది. ఎప్పుడు విప్పాలో నేను గోడ గడియారం చూసి చెబుతాను. తను చేతి వెనకవైపు అచ్చుకు ఆనించి, ఇప్పుడు విప్పుదామక్కా అనేది. విప్పితే ఒక్క ముక్క విరిగేది కాదు. నా గడియారం లెక్కలో పదింటికి ఒకటి విరగడం మామూలే. మా అత్తగారు గుమ్మంలో కూర్చుని, చిన్నకోడలి చేతిలో పనితనం ఉందని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పేవారు. నా చేతులేం పాపం చేశాయో ఎవరూ అడగలేదు.

అలా ఎనిమిదేళ్ళు నా షెడ్డులోనే పనిచేసింది. ఇంతలో చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం సాయం చేస్తోందని తెలిసింది. ముక్కలు ఆరబెట్టే యంత్రం కొంటే సగం ధర వాళ్ళే భరిస్తారట. మబ్బు పట్టినప్పుడల్లా ఎండలో ఆరబెట్టిన పళ్ళేలు ఎత్తుకుని ఇంట్లోకి పరిగెత్తే నాకు అంతకంటే ఏం కావాలి? కాగితాలన్నీ సంచిలో వేసుకుని పరిశ్రమల ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాను. మూడోసారి గుమాస్తా అసలు సంగతి బయటపెట్టాడు.

"మీది పాత యూనిట్ అమ్మా. ఈ స్కీము కొత్తగా పెట్టుకునేవాళ్ళకే."

ఎవరి సాయం లేకుండా ఇరవై ఏళ్ళు నిలబడినందుకు నాకు దక్కిన బహుమతి అది. ఇంటికొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాను. మా ఆయన పేపరు చాటున దాక్కున్నాడు. మా మరిది మాత్రం శ్రద్ధగా విన్నాడు. నా తిట్లలో అతనికి వినబడింది ఒక్కటే, కొత్తవాళ్ళకు ఇస్తారన్న మాట. వారం తిరిగేలోపు తోడికోడలి పేరు మీద దరఖాస్తు తయారైంది, తను నా షెడ్డుకు రావడం ఆగిపోయింది. ఇక ఒక్క కాగితమే తక్కువ. కనీసం ఐదేళ్ళ అనుభవం ఉందని, పని నేర్పిన యూనిట్ యజమాని సంతకం పెట్టి ఇవ్వాలట. అంటే నేను. గడువు శుక్రవారం.

సోమవారం ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. తలనొప్పిగా ఉందన్నాను. మంగళవారం కళ్ళజోడు కనబడడం లేదన్నాను. అది నా నెత్తిమీదే ఉంది. తను చూసింది. బుధవారం మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు, నాకు రాని యంత్రం గోడ అవతల వాళ్ళ వాటాలో తిరుగుతుంటే, ఆ చప్పుడు వింటూ నేను పళ్ళేలు మోయడం కళ్ళముందు మెదిలింది. ఎన్నేళ్ళో రాయాల్సిన ఖాళీలో రెండు అని రాసి, సంతకం గీకి, తను అన్నం తింటుంటే పక్కన పెట్టి వచ్చేశాను.

గొడవ పెట్టుకుంటుందని ఎదురుచూశాను. నా దగ్గర మాటలు సిద్ధంగానే ఉన్నాయి. సాయంత్రం దాకా వాళ్ళ వాటాలోంచి ఎవరూ రాలేదు.

గురువారం పొద్దున నేను షెడ్డు తలుపు తీస్తుంటే నా వెనకే వచ్చింది. జుట్టు ముడేసుకుని, కింద కూర్చుని, అచ్చులకు నూనె పూయడం మొదలుపెట్టింది.

"ఇప్పుడెందుకొచ్చావు?" అన్నాను.

"నేను చేసింది రెండేళ్ళేనన్నావు కదక్కా. ఇంకా మూడేళ్ళు నేర్చుకోవాలిగా."

ఎత్తిపొడుపైతే ఎదురు తిరిగేదాన్ని. మొహమంతా వెతికాను, ఆ ఛాయే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. లోపలికి వెళ్ళి వేరే కాగితం తీసి ఎనిమిదేళ్ళని రాశాను. ఎవరూ అడగకపోయినా, ఈ పని నాకంటే బాగా చేస్తుందని కింద ఇంకో వాక్యం చేర్చి సంతకం పెట్టాను. ఆ ఒక్క వాక్యానికే మిగతా కాగితమంతటికంటే ఎక్కువసేపు పట్టింది.

తడిచేతులు గుడ్డకు తుడుచుకుని తీసుకుంది. చివరిదాకా చదివింది. మడిచి కిటికీలో పెట్టి, మళ్ళీ అచ్చుల ముందు కూర్చుంది. ఆఫీసు తెరిచే వేళయింది, వెళ్ళమన్నాను. కలిపిన ముద్ద గట్టిపడిపోతుంది, ఈ విడత పోసేసి వెళ్తానంది. అన్నీ అక్కడే పడేసి పరుగెత్తి ఉంటే నా కుళ్ళుకు కాస్త ఆధారమైనా దొరికేది. అదీ లేకుండా చేసింది.