తాత తోమిన మొప్పలు

మొన్న మంగళవారం మా మనవరాలి చదువుని నా చేతులతో నేనే కడిగేశాను. అవునండీ, ఉప్పేసి మరీ!

మా లక్ష్మి రాజమండ్రిలో ఎమ్మెస్సీ చదువుతోంది. మా ఊరి డ్రెయిన్లో ఫ్యాక్టరీ నీళ్లు కలుస్తాయి కదా, అందులోని సీసం, రాగి లాంటివి చేపల మొప్పల్ని ఏం చేస్తున్నాయో చూడాలట. అదే దాని ప్రాజెక్టు. ముందురోజే ఫోన్ చేసింది. "తాతయ్యా, డ్రెయిన్లో నాలుగు తిలాపి చేపలు పట్టి ఐసులో పెట్టు. మొప్పలు మాత్రం ముట్టుకోకు. పదకొండింటికి మా మేడంతో వస్తాను" అంది. ఆ సాయంత్రమే అవి ల్యాబుకి చేరాలట. లోహం కొలిచే మిషన్ వాళ్లకిచ్చింది ఆ ఒక్కరోజే. తప్పితే మళ్లీ ఎప్పుడిస్తారో!

పట్టాను. మొప్ప ఎత్తి చూశాను. ఛీ! గోధుమరంగు, పైన చీమిడిలా జిగురు. నలభై ఏళ్లు సంతలో మొప్ప ఎత్తి చూపించి చేపలమ్మినవాణ్ణి నేను. కాలేజీ మేడంగారికి ఇలాంటి చేప చూపిస్తే మా లక్ష్మి పరువేం కాను?

"ముట్టుకోవద్దంది కదయ్యా" అంది మా ఆవిడ.

"దానికేం తెలుసు? ఎప్పుడైనా సంతలో కూర్చుందా?" అన్నాను.

వేలు పెట్టి తోమాను. జిగురంతా పోయి కాస్త ఎరుపు తేలింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

మేడంగారు వచ్చారు. మొప్ప ఎత్తారు. ఇంకోటి ఎత్తారు. "లక్ష్మీ, ఇవి డ్రెయిన్ చేపలేనా?" అన్నారు.

"డ్రెయిన్‌వేనండీ! జిగురంతా తీసేసి పెట్టాను" అన్నాను ఛాతీ విరిచి.

"తాతయ్యా! ఆ జిగురు కోసమే కదా మేం వచ్చింది!"

లోహం తగిలితే చేప తనను కాపాడుకోడానికి మొప్పల మీద జిగురు కక్కుతుందట. అదే ఎక్కువైపోయి ఊపిరాడక చస్తుందట. మేడంగారు నెమ్మదిగా చెప్పారు. "పోనీలెండి తాతగారూ, మొప్ప లోపల లోహం ఎంతుందో చూద్దాం. దేంతో కడిగారు?"

"ఉప్పు, చింతపండుతోనండి."

"ఏ గిన్నెలో?"

"రాగి గిన్నెలోనండి. మంచి గిన్నె."

ఆవిడ అరుగు మీద కూలబడ్డారు. "ఇంక మిషన్ రాగి ఉందని చూపిస్తే, అది ఫ్యాక్టరీదా, మీ వంటింటిదా అండీ?"

లక్ష్మి టైము చూసుకుంది. తిట్టినా బాగుండేది! నేను కూర్చోలేను, నిలబడలేను. వల భుజాన వేసుకున్నాను.

"ఎండలో ఎక్కడికయ్యా? అన్నం తిని వెళ్లు!" అని అరిచింది మా ఆవిడ. ఎవరికి దిగుతుంది అన్నం?

డ్రెయిన్ గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. వల వేస్తే ప్లాస్టిక్ సంచులు. మళ్లీ వేస్తే చెప్పు. ఒకటే చెప్పు! పదేళ్ల క్రితం ఇక్కడ ఒక్క విసురుకి బుట్ట నిండేది. ఈసారి నాలుగు చేపలకి మూడు గంటలు పట్టింది. అవి కూడా పైకి తేలి నోళ్లు తెరుచుకుంటున్నవి. ఏదో చేప దొరికిందని సంతోషించాను గానీ, వాటి అవస్థ చూస్తే ఆ సంతోషం నిలవలేదు.

పరుగున వచ్చి బకెట్ దించాను. మేడంగారు మొప్ప ఎత్తారు. జిగురు తీగలు సాగాయి. అంచులు అరిగిన చీపురులా ఉన్నాయి. "ఇవేనండీ మాకు కావాల్సింది" అన్నారు. జీవితంలో మొదటిసారి పాడైన చేపకి మెప్పు పొందాను! కానీ ఆ డ్రెయిన్ చేపే కదండీ మేము వారానికి రెండుసార్లు తినేది?

ల్యాబు బండి కదిలే ముందు లక్ష్మి ఐసు డబ్బా మీద చీటీ అంటించింది. అరవయ్యో ఏట రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, వదుల్తానా! కళ్లజోడు పెట్టుకుని, కూడబలుక్కుని చదివాను.

"డ్రెయిన్ తిలాపి, నాలుగు. తాతయ్య చెయ్యి పెట్టలేదు."