లైబ్రరీలో పడిన మంచినీళ్ళు

మొన్న నెల్లూరులో మా కాలేజీ పాత విద్యార్థుల సమావేశానికి వెళ్తే, ఒక కుర్ర లెక్చరర్ తెరమీద బొమ్మలు వేసి, పిల్లలకు లైబ్రరీలో వెతకడం పాఠంలా చెప్పకూడదనీ, ఒక నిజమైన సమస్య చేతికిచ్చి వాళ్ళంతట వాళ్ళే దారి కనుక్కునేలా చేయాలనీ, ఇదే ఇప్పటి కొత్త పద్ధతి అనీ ఎంతో ఉత్సాహంగా చెబుతుంటే, నాకు నవ్వాగక కొంగు అడ్డం పెట్టుకున్నాను. కొత్తదట! మా లైబ్రరీ మేడమ్ గారు ఆ పద్ధతిలోనే మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టిన నాటికి ఈ అబ్బాయి పుట్టి కూడా ఉండడు.

ఏ విషయం మీద ఏ పుస్తకం ఉందో చెప్పే ఆ కార్డుల సొరుగులు మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. లాగితే కిర్రుమనేవి, పాత కాగితం వాసన గుప్పున కొట్టేది. మేడమ్ గారి దగ్గరికి ఎవరు వెళ్ళి ఏ పుస్తకం అడిగినా, పుస్తకం సంగతి తర్వాత, నీకు తెలియాల్సిందేమిటో అది చెప్పు అని వెనక్కి తిప్పేవారు. మేము డిగ్రీలో చేరిన ఏడు ఆవిడ మమ్మల్ని చిన్న చిన్న జట్లుగా విడదీసి, మీ ఇళ్ళల్లో ఎవరికీ అంతుపట్టని చిక్కు ఒకటి పట్టుకురండి అన్నారు. ఒకరు కోళ్ళ తెగులు తెచ్చారు, ఒకరు చీడ పట్టిన నిమ్మతోట తెచ్చారు. నేను మా అక్క బావిని తీసుకెళ్ళాను.

మాది సంగం. అక్కను చిట్టమూరు వైపు సముద్రం దగ్గరి పల్లెకు ఇచ్చారు. ఆ ఏడు అక్క కడుపుతో ఉంది, పెరట్లో బావినీళ్ళు ఉప్పెక్కాయి, మంచినీళ్ళకు పక్క పల్లెకు నడవాల్సి వచ్చేది. బిందెలు మోయవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పినా మోయక ఎలా? బావ ఒకసారి బావి లోతు చేయిస్తే ఉప్పు ఇంకా ఎక్కువైంది. మా నాన్న పెన్న ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి; ఎంత లోతుకు పోతే అంత మంచినీళ్ళన్నదే ఆయనకు తెలుసు. కోతలు కాగానే మనుషుల్ని పెట్టి ఇంకా తవ్విద్దామన్నారు. ఈసారీ ఉప్పే పడితే ఊరు వదిలేస్తానని బావ తెగేసి చెప్పాడు.

నేనూ నా ఇద్దరు స్నేహితురాళ్ళూ పోయి పోయి ఉప్పు అన్న సొరుగు లాగాం. ఉప్పు తయారీ, ఊరగాయలు! బావులు అని వెతికితే మోట లాగే యంత్రాలు. మేడమ్ గారు పక్కనుంచే పోతూ ఒక్క ముక్క చెప్పరే! తెలిసి కూడా చెప్పదేం ఈ మహాతల్లి అని లోపల్లోపల ఎంత తిట్టుకున్నానో. చివరికి ఒకరోజు ఆగి, బావిని వదిలేసి బావి కింద ఏముందో అడగమ్మా అన్నారు, అంతే. అక్కణ్ణుంచి భూగర్భ జలాలకు, అక్కణ్ణుంచి తీరపు ఇసుకలకు, అక్కణ్ణుంచి డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవాల్సిన ఒక ఇంగ్లీషు సర్వేకు వెళ్ళాం. ఒక పుస్తకం చెప్పిందని నమ్మేస్తారా అని ఆవిడ కసిరితే, మరో రెండు తెరిచాం.

అన్నిట్లోనూ ఒకటే మాట. ఇసుకలో ఇంకిన వాననీళ్ళు తేలిక కనుక, కిందున్న ఉప్పునీళ్ళ మీద పాలమీద మీగడలా తేలి ఉంటాయట. లోతుకు పోతే ఆ మీగడ దాటి ఉప్పులోకే దిగుతాం! ఇసుక దిబ్బగా పేరుకున్న చోట ఆ మీగడ ఇంకా మందంగా ఉంటుందట. మా అక్క పేరు కూడా తెలియనివాళ్ళు, ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళు, ఎక్కడెక్కడో కూర్చుని రాసిన పుస్తకాలు కలిసి మా అక్క పెరటిని అంత ఉన్నదున్నట్టు చెబుతుంటే, దేవుడి ముందు నిలబడ్డట్టు అలాగే నిలబడిపోయాను.

నాన్నకు చెబితే నవ్వేశారు. "ఏందమ్మా, పుస్తకాల్లో నీళ్ళు పడతాయా?" అన్నారు. తవ్వకం రోజున నేను అక్క పెరట్లోనే ముగ్గుపిండి తీసుకుని సముద్రం, ఇసుక, మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు అన్నీ గీసి చూపించాను. ఆయన చాలాసేపు ఆ ముగ్గు చుట్టూ తిరిగి, బావి తవ్వడానికి వచ్చినవాళ్ళను ఇంటి వెనక ఇసుకదిబ్బ పక్కకు పొమ్మన్నారు. మనిషి లోతు కూడా పోకుండానే ఊట వచ్చింది. అక్క దోసిట్లో పట్టి తాగి, "తియ్యగుండాయి నాన్నా!" అంటూ బావురుమంది. నాన్న కండువాతో కళ్ళు తుడుచుకుని, "మీ మేడమ్ గారికి ఒక చెంబు తీసకపోమ్మా" అన్నారు.

బస్సులో ఒలికిపోకుండా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. ఆవిడ గడగడా తాగి, మూతి తుడుచుకుని, బాగున్నాయమ్మా, మరి ఇవి ఎన్నాళ్ళు బాగుంటాయో వెతికావా అన్నారు. ఓరి దేవుడా అనుకుంటూనే మళ్ళీ సొరుగు లాగాను. ఆ దిబ్బ ఉన్నన్నాళ్ళే, మితంగా తోడుకున్నన్నాళ్ళే అని తేలింది.

అక్క ఇప్పటికీ అక్కడే ఉంది. దిబ్బ టిప్పర్లలో వెళ్ళిపోయింది, చుట్టూ రొయ్యల గుంటలు, ఆ బావి కూడా ఉప్పెక్కి చాలా ఏళ్ళయింది. ఆటోలో నీళ్ళ టిన్నులు వాకిట్లోకే వస్తాయి కనుక ఎవరికీ ఇబ్బంది లేదు. పోయిన నెల వెళ్ళినప్పుడు అక్క మనవలు టిన్ను దించుకుంటుంటే, ఈ నీళ్ళు ఎందుకు కొంటున్నారర్రా అని అడిగాను. బావినీళ్ళు ఉప్పు కదా అవ్వా అన్నారు. ఎందుకు ఉప్పయ్యాయో అడుగుతారేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. పిల్లలు లోపలికి వెళ్ళిపోయారు.