టమాటాల అవ్వ ముందు ఇంటర్వ్యూ

మా అశోక్‌నగర్ హాస్టల్ ఎదురింట్లో వ్యవసాయాధికారిగా రిటైరైన సారొకరుండేవారు. మాలో ఎవరికి ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపొచ్చినా, ముందురోజు పొద్దున్నే చేతిలో సంచి పెట్టి చిక్కడపల్లి మార్కెట్‌కు నడిపించేవారు. అక్కడ ఆయన పెట్టే ఉత్తుత్తి ఇంటర్వ్యూ బోర్డుకు చైర్మన్, టమాటాలమ్మే ఒక అవ్వ.

నా వంతు రానే వచ్చింది. "పంటల బీమా అంటే ఏందో అవ్వకు చెప్పు" అన్నారు.

కోచింగ్‌లో ఫీజు కట్టి నేర్చుకున్న ఇంగ్లీషు ముక్కలన్నీ కుమ్మరించాను. అవ్వ ఓపిగ్గా విని సారు వైపు తిరిగింది.

"ఈ పిలగానికి కిలో గావాల్నా, అర్ధకిలోనా సారూ?"

"ఫెయిల్. మళ్ల చెప్పు" అన్నారు సారు, పక్క బండి మీద వంకాయలేరుతూ, తలెత్తకుండానే.

ఇంకో రెండుసార్లు ఫెయిలయ్యాక, "వాన కొట్టి నీ పంట పోయిందనుకో అవ్వా..." అని మొదలుపెట్టాను. అవ్వ తూకం ఆపి చివరిదాకా విన్నది.

"గింతేనా? నా పంట పోకముందు మా ఊర్ల ఎవలన్న ఇట్ల చెప్తే, పాలమూరు ఇడిశి పట్నమెందుకొస్తుంటి బిడ్డా!"

సారు అప్పుడు తలెత్తారు. "రేపు బోర్డోళ్లు మెచ్చకున్నా ఫికర్ లేదు. నౌకరొచ్చినంక మాత్రం గిట్లనే చెప్పాలె" అన్నారు.

మర్నాడు బోర్డు వాళ్లు బీమా ఊసే ఎత్తలేదు. ఉద్యోగమైతే వచ్చింది. చేరిన మొదటిరోజే ఒక రైతు అడిగాడు, "పంటల బీమా అంటే ఏంది సారూ?" అని.