ముందు అక్క మీద

రద్దయిన పాలసీల్లో అక్క పేరు కనబడగానే కంప్యూటర్ లెక్కలామెకు పై ప్రాణాలు పైనే పోయాయి. బీమా కంపెనీ హాలంతా ఏసీ, ఆమె వీపంతా చెమట. వచ్చే వారమే అక్కకు గుండె ఆపరేషన్.

ఇదంతా ఓ అలవాటు తెచ్చిన చేటు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని, మనుషుల గురించి కంప్యూటర్‌తో ఏ లెక్క కట్టించినా ముందు అక్క వివరాలు వేసి చూసేది. అక్క గుట్టంతా తనకు తెలుసు కాబట్టి, లెక్క తప్పితే ఇట్టే దొరికిపోతుంది.

పరిశోధనశాలలో ఉన్న రోజుల్లో, మందులు మధ్యలో మానేసేదెవరో ముందే పసిగట్టే లెక్క కట్టింది. అందులో అక్క పేరు తేలడంతో మర్నాడే నర్సు వెళ్లి తలుపు తట్టింది. "నీ కంప్యూటర్ నా మీద చాడీలు కూడా చెబుతుందటే?" అని అక్క పడీపడీ నవ్వింది. మాత్రలు మాత్రం వేసుకుంది.

తర్వాత ఓ పార్టీవాళ్లు కారు పంపి మరీ పిలిపించుకున్నారు. ఇక్కడ పసిగట్టాల్సింది తొందరగా బెదిరిపోయేవాళ్లను. అక్క మొదటి వరసలోనే తేలింది. పరీక్షకు వేసిన వివరాలు చెరపడం ఈమె మరిచిపోయింది. పోలింగ్ నాడు గొడవలు తప్పవంటూ అక్క ఫోనుకు మెసేజీల మీద మెసేజీలు వెళ్లాయి. అక్క ఓటుకు వెళ్లకుండా తలుపులు బిగించుకుని ఇంట్లోనే కూర్చుంది. ఆ గొంతులో వణుకు విని ఈమె ఉద్యోగమైతే మానేసింది గానీ, అసలు సంగతి చెప్పే ధైర్యం చాలలేదు.

అంత జరిగినా బుద్ధి వచ్చిందా? రాలేదు. ఆ తర్వాత చేరిన ఈ బీమా కంపెనీకి కావలసింది రేపు మంచాన పడేదెవరో. పడకముందే వదిలించుకుంటారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందనీ, డాక్టరు ఆపరేషన్ అన్నాడనీ అక్క తనొక్కదానికే చెప్పుకున్న మాటలు కూడా ఈమె పరీక్షకని ఎక్కించింది. చెరుపుదామనుకునేలోపు మేనేజరు మీటింగుకు పిలిచాడు. తిరిగొచ్చేసరికి లెక్క తన పని తాను చేసుకుపోయింది.

ఫోన్ మోగింది. అక్కే.

"ఏమే, మీ కంపెనీవాళ్లు నా పాలసీ తీసేశారట. ఆయాసం సంగతి దాచానట! నీకు తప్ప పురుగుకు కూడా చెప్పలేదే, వాళ్లకెలా తెలిసింది?"

"అయ్యో, మరి ఆపరేషన్ ఎలాగక్కా?" అంది లెక్కలామె.

"భయపడకే పిచ్చిదానా," అక్కే ఓదార్చింది. "నువ్వక్కడే ఉన్నావుగా, నాకేం దిగుల్లేదు. ముందు వాళ్లకా మాట మోసిందెవరో కనుక్కో."